విమానములో ఆజ్ఞకు అర్థము

రైలుపెట్టెలో ప్రయాణికుడు తోచినప్పుడు లేచి తిరుగవచ్చును. విమానములో మాత్రము పరిచారిక వచ్చి "సీటు బెల్టు పెట్టుకొనండి" అన్నచో పెట్టుకొనక తప్పదు. ఇది కేవలము మర్యాద కాదు. చట్టము విధించిన బాధ్యత. దీనికి కారణమేమి?

35,000 అడుగుల ఎత్తున వెలుపలి గాలి పీడనము సముద్రమట్టమున నుండు పీడనములో నాలుగవ వంతుకైన చాలదు. అందుచేత విమానము లోపల గాలిని ఒత్తిడితో నింపి ఉంచుదురు. ఆ ఒత్తిడి హఠాత్తుగా పోయినచో మనిషి తెలివితో పనిచేయగల వ్యవధి సుమారు 30 నుండి 60 సెకండ్లు మాత్రమే. ఆక్సిజన్ మాస్కు ముందు తాము తగిలించుకొని, పిదప బిడ్డకు తగిలింపుమనుట స్వార్థబోధ కాదు. స్పృహ తప్పిన తల్లి బిడ్డను కాపాడలేదు గదా!

అగ్నిప్రమాదములోను వ్యవధి ఇట్లే స్వల్పము. 44 కన్న ఎక్కువ సీట్లుగల విమానమునుండి, సగము ద్వారములతోనే, అందరును 90 సెకండ్లలో దిగిపోగలరని నిర్మాతలు ముందుగా నిరూపింపవలెను. ఆ లెక్కలో సంచులు దించుకొనుటకు తావు లేదు.

2024 జనవరి 2న టోక్యో నగరములోని హనేడా విమానాశ్రయమున జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము దిగుచు, రన్‌వేపై నున్న తీరరక్షక దళపు చిన్న విమానమును ఢీకొని మంటలలో చిక్కుకొన్నది. చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానములోని 379 మందియు ప్రాణములతో బయటపడిరి. ఎనిమిది ద్వారములలో మూడే పనికివచ్చినవి. ప్రకటనలు చేయు యంత్రము మూగవోగా, సిబ్బంది కేకలతోను, చేతి మైకులతోను దారి చూపిరి. ఎవరికి తోచిన తలుపు వారు తెరచియుండినచో మంటలు లోనికి వచ్చెడివి.

ఈ అధికారమునకు మూలము 1963 నాటి టోక్యో ఒడంబడిక. వెలుపలి తలుపులన్నియు మూసినది మొదలు, దిగుటకు వానిలో ఒకటి తెరచువరకు, భద్రతకు భంగము కలిగించువానిని నిర్బంధించుటకు సైతము కెప్టెనుకు అది అధికార మిచ్చినది. భద్రతకొరకు, క్రమశిక్షణకొరకు కెప్టెను గాని, అతని తరఫున సిబ్బంది గాని ఇచ్చు న్యాయసమ్మతమైన ఆదేశమును నిరాకరింపరాదని 1937 నాటి భారత విమాన నియమములలోని 23వ నియమము శాసించినది. అల్లరి ప్రయాణికులను కొంతకాలము విమానము ఎక్కనీయకుండ నిషేధించు పద్ధతి 2017లో మనదేశమున ఏర్పడినది. మాటల దురుసుతనమునకు మూడు నెలలు, చేయి చేసుకొన్నచో ఆరు నెలలు, ప్రాణాపాయము కలిగించినచో రెండేండ్లు లేక అంతకు మించి అని నాడు నిర్ణయించిరి.

అయితే ఈ అధికారము హద్దులేనిది కాదు. భద్రతకు, క్రమమునకు లోబడినది. ఆదేశము సరికాదని తోచినచో నేలపై దిగిన పిదప ఫిర్యాదు చేయవచ్చును. వాదమునకు తరువాత సమయము దొరకును. పొగ నిండిన విమానములో దొరకదు.