చేతులు మారే పచ్చదనం

తాడి, ఈత, పోక, కొబ్బరి చెట్లు లేని తెలుగు పల్లెను ఊహించడం కష్టం. ముంజెలు, తేగలు, తాటాకు పందిళ్ళు మన జీవనంలో భాగాలు. అమరకోశం తాడి, ఖర్జూరం వంటి వృక్షాలను ‘తృణద్రుమాలు’ అని పేర్కొన్నది. గడ్డిజాతి చెట్లని ఆ మాటకు అర్థం. ఆధునిక వృక్షశాస్త్రం కూడా వీటిని గడ్డితోపాటు ఏకదళబీజాలలోనే చేర్చింది. ప్రపంచంలో సుమారు 2,600 తాళజాతులున్నాయి. వాటిలో కొన్ని నేడు కుండీలలో ఒదిగి మన వరండాలకు శోభనిస్తున్నాయి. వాడుకలో వీటినే పామ్ మొక్కలంటున్నాం.

తూర్పు గోదావరి జిల్లాలోని కడియం ప్రాంతపు నర్సరీలు ఇటువంటి మొక్కలను లారీలలో దూర రాష్ట్రాలకు పంపుతాయి. అది వారి వృత్తి. అయితే పెరట్లో గింజ నాటి, ఏళ్ళ తరబడి పెంచి, తమకు మిగిలిన మొక్కలను తమవంటి అభిరుచి గలవారికి అమ్మే గృహస్థులూ ఉన్నారు. ఈ అమ్మకంలో లాభం స్వల్పం, బాధ్యత అధికం. అందుకు కారణం ఈ మొక్క స్వభావమే.

మామిడి కొమ్మ విరిగితే మరొక కొమ్మ చిగురిస్తుంది. గులాబీ కొమ్మను కత్తిరించి నాటితే కొత్త మొక్క అవుతుంది. ఒంటికాండపు తాళజాతికి ఆ వెసులుబాటు లేదు. దాని ప్రాణమంతా కాండం కొసనున్న మొవ్వులోనే ఉంటుంది. మొవ్వు చెడితే మొక్క మరణించినట్లే. అరెకా పామ్ వంటివి పిలకలు వేస్తాయి కనుక, ఒక కాండం పోయినా దుబ్బు నిలుస్తుంది. పైగా ఈ జాతుల ఎదుగుదల నిదానం. చాలా రకాల గింజలు తాజాగా ఉన్నప్పుడే చక్కగా మొలుస్తాయి. మొలిచిన పిదప అమ్మకానికి తగిన మొక్క కావడానికి ఏళ్ళు పడుతుంది.

మొక్కల రవాణా పూర్వం మరింత దుష్కరంగా ఉండేది. ఓడలలో ఉప్పుగాలి సోకి, మంచినీరు చాలక మొక్కలెన్నో నశించేవి. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్, మూసిన గాజుసీసాలో ఒక ఫెర్న్ మొక్క తనంత తాను పెరగడం గమనించాడు. లోపలి తేమ బయటికి పోకపోవడమే అందుకు కారణమని గ్రహించి గాజుపెట్టెలు చేయించాడు. 1833లో ఆ పెట్టెలలో లండన్ నుండి సిడ్నీకి పంపిన మొక్కలు సజీవంగా చేరాయి.

నేటి పార్సిల్ ప్రయాణం కొద్దిరోజులదే. అయినా అజాగ్రత్తకు మూల్యం తప్పదు. ఒకసారి నేను ఐదేళ్ళు పెంచిన చైనా ఫ్యాన్ పామ్‌ను మరొక ఊరి మిత్రునికి అమ్మాను. దారిలో దాహం వేస్తుందన్న ప్రేమతో, పంపేనాడే కుండీ నిండా నీరు పోశాను. పెట్టె తలకిందులై తడిమన్ను మొవ్వుపై పడింది. కొన్ని వారాలకు ఆ మొవ్వు కుళ్ళి, తాకితే ఊడివచ్చిందని ఆయన తెలిపాడు. డబ్బు తిరిగి పంపాను. ఐదేళ్ళ కాలాన్ని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆ తరువాత కొన్ని నియమాలు పాటిస్తున్నాను. నీరు ఒకటి రెండు రోజుల ముందే పోయాలి. మట్టలను కింది నుండి పైకి దగ్గరచేసి, మెత్తని నూలుతాడుతో వదులుగా కట్టాలి. వేళ్ళను కదపక, కుండీ మూతిని కాగితంతో మూసి మన్ను జారకుండా బిగించాలి. గట్టి అట్టపెట్టెకు గాలిరంధ్రాలు చేసి, కుండీ కదలకుండా అమర్చి, ఏది పైవైపో స్పష్టంగా వ్రాయాలి. వారం మొదట్లో పంపితే సెలవురోజున పార్సిల్ దారిలో నిలిచిపోదు.

కట్టడం కన్న ముందు చెప్పవలసిన నిజాలున్నాయి. ‘అరెకా’ అన్నది శాస్త్రంలో పోకచెట్టు పేరు. బజారులో అరెకా పామ్ అని అమ్మేది మడగాస్కర్ నుండి వచ్చిన వేరొక జాతి. కనుక శాస్త్రీయనామం కూడా తెలపాలి. మొక్క ఎత్తును కుండీని మినహాయించి చెప్పాలి. పొలుసు పురుగు, పిండినల్లి ఉంటే నయమయ్యే వరకు అమ్మరాదు. ఒక్క మొక్కతో వెళ్ళిన పురుగు ఎదుటివారి తోటనంతటినీ పాడుచేయగలదు. ఈ భయం వల్లనే దేశాల నడుమ మొక్కలను పంపడానికి అధికారుల తనిఖీ, వృక్ష ఆరోగ్య ధ్రువపత్రం అవసరమవుతాయి. విదేశంలోని బంధువులు కోరినా, ఆ అనుమతులు లేనిదే పంపకూడదు.

కొన్నవారికీ కర్తవ్యముంది. చీకటిపెట్టె నుండి వచ్చిన మొక్కను వెంటనే ఎండలో పెట్టరాదు, కుండీ మార్చరాదు. కొన్నాళ్ళు వెలుతురున్న నీడలో ఉంచాలి. పాత మట్టలు ఒకటి రెండు పసుపుబారినా కంగారు పడనవసరం లేదు. మొవ్వు నుండి కొత్త ఆకు విచ్చుకుంటే మొక్క కుదురుకున్నట్లే. ఆ ఆకు విచ్చుకున్న సంగతిని పంపినవారికి ఒక్కమాట తెలియజేయడం మర్యాద. డబ్బు అందిననాటితో కాక, ఆ కబురుతోనే పెంచినవారి అమ్మకం పూర్తవుతుంది.