కోల్డ్‌ప్లే చూడాలంటే టికెట్ ఒక్కటే చాలదు

2025 జనవరిలో బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే మన దేశంలో ఐదు ప్రదర్శనలిచ్చింది. నవీ ముంబయిలో మూడు, అహ్మదాబాద్‌లో రెండు. దక్షిణాదిన ఒక్కటీ లేదు. హైదరాబాద్ నుంచి నలుగురు మిత్రులు కలిసి బయలుదేరాలంటే ప్రయాణం, హోటల్ గది తప్పవు. టికెట్ 2,500 రూపాయల నుంచే మొదలైనా అసలు బరువు వీటిదే. అహ్మదాబాద్‌లో గదుల అద్దెలు ఆకాశాన్నంటాయి. ముంబయి నుంచి పశ్చిమ రైల్వే ప్రత్యేక రైళ్లే నడపాల్సి వచ్చింది.

ఇంతా చేస్తే, టికెట్ అసలుదేనా? 2024 సెప్టెంబరులో అమ్మకం మొదలైన కాసేపటికే ముంబయి టికెట్లు అయిపోయాయి, రీసేల్ సైట్లలో లక్షలు పలికాయి. సినిమా బ్లాకు మనకు పాతదే, ఇది దాని ఆన్‌లైన్ రూపం. దీన్ని అరికట్టే మార్గదర్శకాలు కోరిన పిల్‌ను బొంబాయి హైకోర్టు 2025 జనవరిలో కొట్టేసింది. చట్టం చేయాల్సింది ప్రభుత్వం, చట్టసభలే అంది.