పరిశోధన ఎవరిది? పత్రిక ఎవరిది?

వర్ధమాన దేశాల పండితుల కృషికి ప్రపంచ విద్వల్లోకంలో తగిన చోటు దొరకడంలేదన్న మాట తరచు వింటున్నాం. ఇందుకు రెండు కారణాలు చెబుతుంటారు. మన పరిశోధనలో నాణ్యత తక్కువన్నది ఒకటి, మనకు ఇంగ్లీషు సరిగా రాదన్నది మరొకటి. వీటిలో కొంత నిజం ఉండవచ్చు. కాని ఈ రెండూ రాసేవాడినే తప్పుపడతాయి. అచ్చువేసేవాడి జోలికి పోవు. పరిశోధన కూడా సామాజిక ఉత్పత్తే. దాన్ని ఎవరు ఉత్పత్తి చేస్తున్నారు, ఎవరు తూకం వేస్తున్నారు, తూకపురాళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి అని అడగకుండా నాణ్యత గురించి మాట్లాడడం పునాదిని వదిలి గాలిలో వాదించడమే.

ముందు తూకపురాళ్ల సంగతి చూద్దాం. 1964లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి యూజీన్ గార్‌ఫీల్డ్ స్థాపించిన సంస్థ శాస్త్ర పత్రికల ఉటంకింపుల సూచిని వెలువరించింది. ఏ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూపించే పట్టిక అది. గ్రంథాలయానికి పనికొచ్చే మంచి పనిముట్టే. అయితే లోకంలోని పత్రికలన్నిటినీ అందులో చేర్చడం సాధ్యం కాదు గనుక, కీలకమైనవని తోచిన కొన్నింటినే ఎంచుకున్నారు. కాలక్రమాన పనిముట్టు కాస్తా న్యాయమూర్తి అయి కూర్చుంది. ఉద్యోగం, ప్రమోషన్, నిధులు అన్నీ ఆ సూచిని బట్టే నిర్ణయమయ్యే స్థితి వచ్చింది.

ఇక్కడే విషవలయం మొదలవుతుంది. సూచిలో లేని పత్రికను గ్రంథాలయాలు కొనవు. కొననిదాన్ని చదివేవారుండరు. చదవనిదాన్ని ఎవరూ ఉదహరించరు. ఉదహరించనిదానికి సూచిలో చోటుండదు. దాంతో సావో పాలోలోనైనా హైదరాబాదులోనైనా మంచి పరిశోధన చేసినవాడు దాన్ని విదేశీ పత్రికకే పంపుతాడు. స్వదేశీ పత్రిక మరింత బక్కచిక్కిపోతుంది.

బెనిన్ దేశపు తత్త్వవేత్త పౌలిన్ హౌంటొంజీ ఈ స్థితిని వలస ఆర్థిక వ్యవస్థతో పోల్చి వివరించాడు. వలస దేశం ముడిసరుకు పంపుతుంది, పాలక దేశం దాన్ని సరుకుగా మారుస్తుంది. జ్ఞానరంగంలోనూ అంతే. వివరాల సేకరణ ఇక్కడ, సిద్ధాంతీకరణ అక్కడ. ఇక్కడి పండితుడు తన సమాజం అడిగే ప్రశ్నలను పక్కనపెట్టి, అక్కడి పాఠకుడికి ఆసక్తి కలిగించే ప్రశ్నలను ఎత్తుకుంటాడు. అసలు నష్టం వ్యాసం అచ్చుకాకపోవడంలో లేదు. ప్రశ్న పుట్టకుండా పోవడంలో ఉంది.

ఈ వలయాన్ని ఛేదించడానికి లాటిన్ అమెరికాలో జరిగిన ప్రయత్నం మనం శ్రద్ధగా పరిశీలించవలసింది. 1997లో బ్రెజిల్‌లో పది పత్రికలతో సైయెలో అనే ఉమ్మడి ప్రచురణ వేదిక ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. దీని వెనుక ఉన్నది సావో పాలో రాష్ట్ర పరిశోధన నిధి ఫాపెస్ప్. ఆ రాష్ట్ర పన్నుల ఆదాయంలో 1 శాతం దానికి చెందాలని రాష్ట్ర రాజ్యాంగమే నిర్దేశించింది. ఆరోగ్య విజ్ఞాన సమాచార కేంద్రం బిరెమె కూడా ఇందులో చేయి కలిపింది. 1998లో చిలీ చేరింది, తర్వాత మరికొన్ని దేశాలు చేరాయి. 2009లో దక్షిణాఫ్రికా కూడా వచ్చింది. మెక్సికోలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం 2003లో రెడాలిక్ అనే మరో వేదికను నెలకొల్పింది.

వీరు పెద్ద ప్రచురణకర్తల తలుపు తట్టలేదు. పత్రికలు విశ్వవిద్యాలయాల చేతిలో, పండిత సంఘాల చేతిలోనే ఉన్నాయి. తోటి పండితుల పరిశీలన, క్రమం తప్పని ప్రచురణ వంటి ప్రమాణాలను ఉమ్మడిగా ఏర్పరచుకున్నారు. స్పానిష్, పోర్చుగీస్ భాషల్లో రాసినదాన్ని కూడా లోకం ముందుంచారు. పాఠకుడి దగ్గర పైసా తీసుకోలేదు. ఎవరు ఎవరిని ఉదహరిస్తున్నారో తామే లెక్కగట్టుకున్నారు. అంటే తూకపురాళ్లు తామే చేసుకున్నారన్నమాట.

దీనికి ఎదురైన ప్రతిస్పందన గమనించండి. 2015లో జెఫ్రీ బీల్ అనే అమెరికన్ గ్రంథపాలకుడు సైయెలోను ఫవేలాతో పోల్చాడు. ఫవేలా అంటే బ్రెజిల్ నగరాల్లోని పేదల వాడ. వాణిజ్య ప్రచురణ సంస్థల వేదికలు అతని దృష్టిలో చక్కని పేటలు. బ్రెజిల్ ప్రజారోగ్య పత్రికల సంపాదకులు దీన్ని వర్గ అహంకారంగా ఖండిస్తూ తీర్మానం చేశారు. వాడను చూసి ముక్కు మూసుకునేవాడు అందులో ఎంత పని జరుగుతోందో చూడడు.

అయితే ఈ ప్రయోగంలోనూ వైరుధ్యాలున్నాయి. 2014లో సైయెలో సూచి గార్‌ఫీల్డ్ సూచి వారసత్వపు వాణిజ్య వేదికలోనే ఒక భాగంగా చేరింది. అంతర్జాతీయత పేరుతో ఇంగ్లీషు వ్యాసాల వాటా పెంచాలన్న ఒత్తిడీ పత్రికల మీద పెరిగింది. సొంత ఇల్లు కట్టుకున్నా, దాని విలువను పొరుగువాడి నోట వినాలన్న కోరిక అంత తేలిగ్గా పోదు.

మరోవైపు వాణిజ్య సంస్థలూ ఊరుకోలేదు. 2013లో గార్‌ఫీల్డ్ సూచి వారసత్వపు వేదికలో నమోదైన పరిశోధన వ్యాసాల్లో సగానికి పైగా అయిదు సంస్థల చేతిలోనే ఉన్నాయని 2015లో మాంట్రియల్ పరిశోధకులు లెక్కతేల్చారు. పాఠకులకు ఉచితంగా అందాలన్న ఉద్యమం బలపడగానే ఈ సంస్థలు భారాన్ని రచయిత మీదికి మళ్లించాయి. వ్యాసాన్ని అందరికీ అందుబాటులో ఉంచేందుకు ‘నేచర్’ పత్రిక 2021 నుంచి 9,500 యూరోల రుసుం ప్రవేశపెట్టింది. పేద దేశాలకు రాయితీలున్నాయంటారు. రాయితీ ఇచ్చేవాడి దయ. అది హక్కు కాదు.

మన ప్రభుత్వం 2024 నవంబరులో ‘ఒక దేశం, ఒక చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు. చిన్న ఊరి కళాశాల విద్యార్థికి ఇన్ని పత్రికలు అందడం నిస్సందేహంగా మేలే. కాని ఇది చదవడానికి కట్టే అద్దె. పత్రిక యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న దీనివల్ల తీరదు.

ఇక తెలుగు మాటకొస్తే, మనకు ఈ దారి కొత్త కాదు. 1924లో మొదలై 1991 వరకు నడిచిన ‘భారతి’లో చరిత్ర, శాసనాలు, భాష, ఛందస్సుల మీద గంభీరమైన పరిశోధన తెలుగులోనే వెలువడింది. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి వారు తెలుగు పాఠకుడిని తమ మొదటి న్యాయమూర్తిగా భావించి రాశారు.

ప్రపంచంతో మాట్లాడవద్దని దీని అర్థం కాదు. అనువాదం కావాలి, ఇంగ్లీషులో సారాంశాలూ కావాలి. కాని ముందు మాట్లాడడానికి సొంత గొంతు ఉండాలి. కాబట్టి సాహిత్య విద్యార్థులు తమ పరిశోధనలో ఒక భాగాన్నయినా తెలుగు పత్రికలకు ఇవ్వాలి. తెలుగులో వచ్చిన మంచి వ్యాసాన్ని గౌరవంతో ఉదహరించాలి. సంపాదకులు వ్యాసాన్ని మరో ఇద్దరు విషయజ్ఞుల చేత చదివించాకే అచ్చువేయాలి. విశ్వవిద్యాలయాలు ప్రజాధనంతో ఉమ్మడి వేదిక నిర్మించాలి. ప్రపంచ విద్వల్లోకంలో చోటు అడగడం ఒక పని, చోటు నిర్మించుకోవడం మరో పని. లాటిన్ అమెరికా రెండో పని చేసింది గనుకనే మొదటి పనిలోనూ దాని మాటకు విలువ పెరిగింది.