మూడు స్ట్రైకులు, ఒక తత్వవేత్త

బేస్‌బాల్ ఆటలో బ్యాటు పట్టినవానికి మూడు స్ట్రైకులు పడితే అతడు అవుట్. ఒకడు అంపైరుతో, "అయ్యా, ఈ ఒక్కసారికి నాకు నాలుగు ఇవ్వండి, అందరికీ మేలు" అన్నాడనుకోండి. వేళాకోళమనుకొని నవ్వి ఊరుకోవడమే అతనిపట్ల దయ అంటారు అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్. నియమాలను గూర్చి 1955లో ఆయన వ్రాసిన వ్యాసములో ఈ ఉదాహరణ ఉన్నది. కొన్ని నియమాలు ఆటకు కాపలా కాసేవి కావు, ఆటను ఆటగా చేసేవే అవి. తీసివేస్తే మిగిలేది కర్ర, బంతి. మాట ఇవ్వడమూ అంతేనట. "ఈసారి తప్పితేనే లాభము" అని లెక్క వేసేవానికి మాట ఇవ్వడమంటే ఏమిటో తెలియదన్నమాట.

రాల్స్ 1921లో బాల్టిమోరులో పుట్టారు. ఏడేండ్ల వయసులో ఆయనకు డిఫ్తీరియా వచ్చింది. అది తమ్మునికి సోకింది. అన్న బ్రతికాడు, తమ్ముడు చనిపోయాడు. మరుసటి చలికాలము న్యుమోనియా. మళ్లీ అలాగే, అన్న కోలుకొన్నాడు, అతని వలన జబ్బు సోకిన ఇంకొక తమ్ముడు కన్నుమూశాడు. ఒకే ఇల్లు, ఒకే తల్లి చేతి అన్నము. వీడెందుకు మిగిలాడు, వారెందుకు పోయారు? ఈ ప్రశ్న ఆయనను జీవితమంతా వెంటాడిందని మాకు తోస్తున్నది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో ఆయన చదివినది లిబరల్ ఆర్ట్స్, అంటే ఒక్క ఉద్యోగానికి కాక మనిషి బుద్ధి అంతటికీ పదును పెట్టే చదువు. రసాయనశాస్త్రము, గణితము, సంగీతము అన్నీ తట్టి చూచి చివరకు తత్వశాస్త్రములో కుదురుకొన్నారు. 1942లో పాపమును, విశ్వాసమును గూర్చి సిద్ధాంత వ్యాసము వ్రాశారు. వేదాంత పాఠశాలలో చేరి సేవకుడు కావాలని కూడ అనుకొన్నారు. ఇంతలో యుద్ధము వచ్చి సిపాయిగా పసిఫిక్ ద్వీపాలకు వెళ్లవలసి వచ్చింది.

1944 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని లేటే ద్వీపములో ఒక పాస్టరుగారు సైనికులకు ప్రసంగించారు. మన గుండ్లను దేవుడే జపానువారిపైకి గురి పెడుతున్నాడు, వారి గుండ్లనుండి మనలను కాపాడుతున్నాడు అన్నది ఆ ప్రసంగము. రాల్స్‌కు కోపము వచ్చి పాస్టరుగారిని నిలదీశారు. ఇది చదివినప్పుడు మాకు సిగ్గనిపించింది. ధైర్యము చెప్పబోయి మాబోటి కాపరులు ఇటువంటి మాటలు ఎన్నిసార్లు అనలేదు? 1945 మేలో ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఒకరు గాయపడినవానికి రక్తమివ్వాలి, ఒకరు అధికారితో కలిసి శత్రువుల జాడ చూడబోవాలి. రాల్స్ రక్తము సరిపోయింది, ఆయన గుడారములోని స్నేహితునిది సరిపోలేదు. జాడ చూడబోయిన ఆ స్నేహితుడు ఫిరంగి దెబ్బకు మరణించాడు. యూదుల మారణహోమపు వార్తలు కూడ అప్పుడే తెలిశాయి. ఆ తరువాత ఆయన ప్రార్థించలేకపోయారు.

ఆయన విశ్వాసమును విడిచినందుకు మేము దుఃఖిస్తాము. అయితే ఒక సంగతి గమనించండి. దేవుని యెదుట తన యోగ్యత చూపి మనిషి అడుగగలిగినది ఏమీ లేదని ఆ విద్యార్థి 1942లో వ్రాశాడు. 1971లో వెలువడిన ఆయన గొప్ప గ్రంథము 'న్యాయ సిద్ధాంతము' దేవుని సాక్ష్యముపై ఆధారపడకుండానే దానికి చాల దగ్గరి మాట చెప్పింది. పుట్టిన ఇల్లు, తెలివి, చేతి ఒడుపు, ఇవేవీ మనము సంపాదించుకొన్నవి కావు. కనుక మనము ఏ ఇంట, ఏ తెలివితో పుడతామో తెలియదనుకొని అప్పుడు సమాజానికి నియమాలు వ్రాయమన్నారు.

చదువు సంగతి కూడ అందులో ఉన్నది. చదువు విలువను ఎంత సంపాదన తెచ్చిందనే లెక్కతోనే చూడకూడదట. తన సమాజపు సంస్కృతిని అనుభవించి, దాని వ్యవహారాలలో పాలుపంచుకొని, తానూ ఒక మనిషినేనన్న నిబ్బరము పొందడమే ముఖ్యమట. ఇంజనీరింగు సీటు రాని పిల్లవానిని బంధువుల ముందు చిన్నబుచ్చే ఇండ్లలో ఈ పుట బిగ్గరగా చదవాలి.

ఇక బేస్‌బాల్. 1981లో ఓవెన్ ఫిస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యునికి వ్రాసిన ఉత్తరములో, హ్యారీ కల్వెన్ అనే మిత్రుడు చెప్పిన కారణాలంటూ, ఇది అన్నిటికంటె మంచి ఆట ఎందుకో రాల్స్ వివరించారు. మైదానపు కొలతలు సరిగ్గా అమరాయి. పొడుగువాడు, పొట్టివాడు, సన్ననివాడు, లావువాడు, ఎవరికైనా తగిన చోటు దొరుకుతుంది. పరుగు లెక్కకు రావాలంటే బంతి కాదు, మనిషి చేరాలి. (మన క్రికెట్ అభిమానులు ఇక్కడ నవ్వుకొంటారేమో!) గడియారము అయిపోయి ఆట ముగియదు, వెనుకబడిన జట్టుకు చివరివాడు అవుటయ్యేవరకు సమయమున్నది.

రాల్స్ 2002లో చనిపోయారు. ఆ ఉత్తరము 2008లో బోస్టన్ పత్రికలో అచ్చయింది. 1942 నాటి వ్యాసము మరుసటి ఏడు పుస్తకముగా వచ్చింది. తన మతమును గూర్చి 1997లో ఆయన వ్రాసి పెట్టుకొన్న కొద్ది పుటలను కూడ దానికి జతపరచారు. లేటే ప్రసంగము సంగతి ఉన్నది ఆ పుటలలోనే.