మీకు తెలుసా? ధర్మవరం సముద్రంలో పడే దారి

పటాలు గీసే లెక్కలో భూమి 60 నిలువు పట్టీలు. ఒక్కోటి 6 డిగ్రీల వెడల్పు. 43వ పట్టీ ముగిసి 44వది మొదలయ్యేది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. ఆ గీత మన శ్రీ సత్యసాయి జిల్లాలోంచే పోతుంది! హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దానికి పడమర. కదిరి, గాండ్లపెంట తూర్పు. (1802లో మద్రాసులో మొదలైన మహా త్రికోణమితి సర్వే కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా కొలుచుకుంటూ పోయింది కూడా సుమారుగా ఈ 78 రేఖ వెంబడే.)

ఏ పట్టీ కొలతలు ఆ పట్టీవే. అందుకే ధర్మవరం చెరువు పటాన్ని 43లో గీసి, పొరపాటున 44 అని చెప్పి తెరిచారనుకోండి. చెరువు సుమారు 650 కిలోమీటర్లు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది. గాండ్లపెంటకు అదే తప్పు తిరగేసి చేస్తే అరేబియా సముద్రం.

ఈ తిప్పలు లేకుండా రెండు పట్టీల పటాలనూ ఒకే తెర మీద కలిపి చూపే ఉచిత సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్. తన లినక్స్ కంప్యూటరులో పటాలు చూసుకోవడానికి సరైన సాధనం లేక అలాస్కాలో గ్యారీ షెర్మన్ 2002లో దీన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలోనూ నడుస్తుంది. లైసెన్సు రుసుము లేదు, కాపీ చేసి పక్కవాళ్లకిచ్చినా తప్పు కాదు. గూగుల్ ఎర్త్ ప్రో కూడా 2015 నుంచి ఉచితమే, మూడింటిలోనూ పనిచేస్తుంది. కానీ దాని లోపలి కోడు మాత్రం గూగుల్ చేతిలోనే.

సాఫ్ట్‌వేరు ఒకటే అయితే సరిపోతుందా? చాలదు, ఫైలు కూడా క్షేమంగా చేరాలి. చాలామంది ఇచ్చిపుచ్చుకునేది షేప్‌ఫైల్. పేరుకు ఒకటే గానీ నిజానికి నాలుగైదు ఫైళ్ల గుంపు. ‘ఏ పట్టీ’ అన్న సంగతి ఉండేది అందులో పీఆర్‌జే అనే చిన్న ఫైలులో. పెన్‌డ్రైవులోకి ఎక్కించేటప్పుడు అది తప్పిపోతే పైన చెప్పిన సముద్రస్నానమే. ఇంకో చిక్కు తెలుగులో రాసేటప్పుడు: షేప్‌ఫైల్ పట్టికలో నిలువు వరస పేరుకు 10 బైట్లే చోటు. యూనికోడ్‌లో (యూటీఎఫ్-8) తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు మింగుతుంది. గుణింతం, ఒత్తు, సున్నా వేరే లెక్క. ‘గాండ్లపెంట’ అని రాయాలంటే 30 కావాలి. ‘గాం’ దగ్గరే సంచి నిండిపోతుంది!

అందుకే జియోప్యాకేజ్ వాడమని నా సలహా. 2014లో ప్రమాణంగా వచ్చింది. అంతా ఒకే ఫైలు, పట్టీ వివరం దాని కడుపులోనే, తెలుగు పేర్లకు ఆ ఇరుకు లేదు. విండోస్‌లో దాచింది లినక్స్‌లో అలాగే తెరుచుకుంటుంది.

ఏమీ ఇన్‌స్టాల్ చేయలేని పాత కంప్యూటరైతే బ్రౌజరులో భువన్ అనే పటాల వెబ్‌సైటు తెరవండి. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం 2009 నుంచి నడుపుతోంది.

పొలంలోకి దిగాలంటే క్యూఫీల్డ్ ఉంది. క్యూజీఐఎస్‌లో తయారు చేసిన పటాన్ని ఫోన్‌లోకి తెస్తుంది, సిగ్నల్ లేని చోటా పనిచేస్తుంది. ఊరి బోర్లు, చెరువు తూములు, చింతచెట్లు గుర్తు పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. గట్టు తగాదాలకు మాత్రం పనికిరాదు. సెంటు అంటే దాదాపు 40.5 చదరపు మీటర్లు, చదరంగా గీస్తే ఒక్కో వైపు ఆరు మీటర్ల పైచిలుకు. మామూలు ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూఇటూ చూపడం మామూలే. అక్కడ సర్వేయరును పిలిపించుకోవాల్సిందే.