సముద్రం కింద గాలి ఎటు పోతుంది?

గరిడేపల్లి నుంచి డిగ్రీ చదివే కుర్రాడొకరు ఉత్తరం రాశాడు. మోటార్ సైకిల్ మీద యూరప్ అంతా తిరిగి ఇంగ్లాండ్ చేరాలని అతని కోరిక. "ఫ్రాన్స్ నుంచి ఇంగ్లాండ్‌కు సముద్రం కింద సొరంగం ఉంది కదా సార్, అందులో బండి నడుపుకుంటూ ఎందుకు పోనివ్వరు? రైలు పెట్టెలో ఎక్కించి తీసుకుపోవడం దేనికి?" అని అడిగాడు. ఈ నెలకు అనుకున్న అంశాన్ని పక్కన పెట్టేసి దీన్నే పట్టుకున్నాను. ఇంత మంచి ప్రశ్నను వచ్చే నెల దాకా ఆపడం నావల్ల కాదు.

మనవాళ్లు బండి మీద దేశాలు దాటడం కొత్త కాదు. 2018లో జై భారతి అనే బైకర్‌తో కలిపి హైదరాబాద్ నుంచి బయలుదేరిన నలుగురు మహిళలు మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా మీదుగా వియత్నాం దాకా వెళ్లారు. వాళ్ల దారంతా నేల మీదే. ఇంగ్లాండ్‌కు పోవాలంటే మాత్రం నడుమ సముద్రం అడ్డు. ఆ సముద్రం కింద తవ్విన ఛానెల్ సొరంగం 1994 మే 6న ప్రారంభమైంది. పొడవు 50.45 కిలోమీటర్లు. సూర్యాపేట నుంచి కోదాడకు ఉన్న దూరం కంటే కాస్త ఎక్కువే. అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం అడుగునే ఉంది. అసలక్కడ ఉన్నవి మూడు సొరంగాలు. అటొకటి ఇటొకటి 7.6 మీటర్ల వ్యాసంతో రైళ్లకు, నడుమ 4.8 మీటర్లతో సిబ్బందికి. ఫ్రాన్స్ వైపు కోకెల్‌లో బండి ఎక్కిస్తే సుమారు 35 నిమిషాల్లో ఇంగ్లాండ్ వైపు ఫోక్‌స్టన్‌లో దించుకోవచ్చు.

ఇక అసలు సంగతికొద్దాం. ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు చాలావరకు గాలితో ముడిపడి ఉంది.

ఈ సొరంగం గురించి తొలుత ఆలోచించినవాళ్లలో ఆల్బర్ మాత్యూ అనే ఫ్రెంచి ఇంజనీరు ఒకడు. 1802లో నమూనా గీశాడు. లోపల గుర్రబ్బండ్లు, నూనె దీపాలు. గుర్రాలకు ఊపిరాడాలి, దీపాల పొగ బయటికి పోవాలి. అందుకని సముద్రం పైకి పొడుచుకొచ్చే గొట్టాలు వరసగా నిలబెట్టాడు. తుఫాన్లు చెలరేగే చోట, నిత్యం ఓడలు తిరిగే దారిలో అలాంటి గొట్టాలు నిలిచేవి కావు. జవాబు తప్పినా అసలు చిక్కు ఎక్కడుందో పట్టుకున్నది మాత్రం ఆయనే.

ఛానెల్ దాటే దారి కోసం 1985లో పోటీకొచ్చిన ప్రతిపాదనల్లో వంతెనలూ రోడ్డు సొరంగాలూ కూడా ఉన్నాయి. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ మొగ్గు కూడా సొంత కారు నడుపుకుంటూ పోయే దారి మీదే. గరిడేపల్లి కుర్రాడిదీ ఆమెదీ ఒకే కోరిక అన్నమాట. కానీ పెట్రోలు ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేని విషం. 1927లో న్యూయార్క్‌లో హడ్సన్ నది కింద హాలండ్ టన్నెల్ తెరిచినప్పుడు దాని గాలిని తొంభై సెకన్లకోసారి పూర్తిగా మార్చడానికి 84 ఫ్యాన్లు పెట్టారు. వాటి కోసం నాలుగు భవనాలే కట్టారు. ఆ సొరంగం పొడవు మూడు కిలోమీటర్లు కూడా లేదు. నార్వేలో 24.5 కిలోమీటర్ల లేర్డాల్ రోడ్డు సొరంగం ఉంది. అది కొండ కింద ఉంది కాబట్టి పక్క లోయలోకి గాలి మార్గం తవ్వుకున్నారు. ఛానెల్ నడిబొడ్డున పక్క లోయ ఎక్కడుంది?

పైనుంచి దారి లేకపోతే ఎంత కష్టమో ఉమ్మడి నల్గొండ జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మన శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం సుమారు 44 కిలోమీటర్లు, ఛానెల్ సొరంగానికి కాస్తే తక్కువ. పైన పులుల అభయారణ్యం ఉండటంతో మధ్యలో ఎక్కడా అడిట్లు (పక్క దారులు) తవ్వలేదు. పనైనా, గాలైనా, మనిషైనా ఆ రెండు కొసల నుంచే పోవాలి. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలినప్పుడు ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. వాళ్ల కోసం పోయినవాళ్లు సుమారు 14 కిలోమీటర్లు లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఛానెల్‌లో పైన అడవికి బదులు సముద్రం. ఇంజను తిరగని బండిని కరెంటు రైలు మోసుకుపోతే విషవాయువు బెడద ఉండదు. 1986 జనవరి 20న థాచర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరా కలిసి రైలు సొరంగాన్నే ప్రకటించారు.

పొగ బెడద తీరింది. గాలి బెడద మాత్రం అక్కడే మొదలైంది. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే.

వాహనాలను మోసే షటిల్ పెట్టెలు సుమారు 4.1 మీటర్ల వెడల్పు, 5.6 మీటర్ల ఎత్తు. మన రైలు పెట్టెలు వాటి పక్కన చిన్నబోతాయి. సొరంగం నోరు 45 చదరపు మీటర్లనుకుంటే రైలే అందులో సగం నింపేస్తుంది. పొడవు ముప్పావు కిలోమీటరు పైనే. అంతటిది గంటకు 140 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే దాని ముందున్న గాలి ఏమవ్వాలి? పొలానికి మందు కొట్టే పంపులో పిస్టన్ మందును తోసినట్టే రైలు గాలిని ముందుకు తోస్తుంది. లెక్క వేసి చూడండి. సెకనుకు 39 మీటర్ల వేగం, 23 చదరపు మీటర్ల ముఖం. సెకనుకు సుమారు 900 ఘనపు మీటర్లు, అంటే టన్ను గాలి పక్కకు తప్పుకోవాలి. ఒక్కో సొరంగంలో కొస నుంచి కొస దాకా ఉన్న గాలి బరువు 2,700 టన్నుల పైమాటే. బయట మనం బరువే లేదనుకునే గాలి గొట్టంలో బిగిస్తే గోడై నిలబడుతుంది! రైలు కరెంటులో పెద్ద వాటా దాన్ని నెట్టడానికే ఖర్చైపోతుంది.

ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ఎంత చూసినా తనివి తీరదు. రెండు రైలు సొరంగాలనూ కలుపుతూ, నడిమి సొరంగం నెత్తి మీదుగా వంపు తిరిగే రెండు మీటర్ల వ్యాసం గల అడ్డగొట్టాలు, ప్రతి 250 మీటర్లకు ఒకటి. రైలు ముందు నలిగే గాలి ఆ గొట్టాల్లోంచి పక్క సొరంగంలోకి జారుకుంటుంది. అక్కడ వెనక్కి పారి, మరో గొట్టంలోంచి రైలు తోక దగ్గర ఏర్పడిన ఖాళీలోకి తిరిగొస్తుంది. దీనికి ఫ్యాను అక్కర్లేదు. రైలే ఫ్యాను.

కాగితం మీద బాగున్న ఈ ఏర్పాటులో ఒక పొరపాటు దాగి ఉంది. గొట్టంలోంచి ఉరికే గాలి రైలు పక్కటెముకల మీద కొడుతుంది. 140 కిలోమీటర్ల వేగంలో ఆరున్నర సెకన్లకు ఒక గొట్టం ఎదురవుతుంది. ఒక్కో చోటా పక్క తోపు. ఆ తోపు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువని తేలాక గొట్టాలకు అడ్డుపలకలు బిగించి గాలి జోరు తగ్గించారు, రైళ్ల వేగమూ తగ్గించాల్సి వచ్చింది. ఎదురు తోపు గురించి అంత లోతుగా లెక్కలు కట్టినవాళ్లు పక్క తోపును ముందే పట్టుకోలేకపోయారు.

ఇక వేడి. గాలి రాపిడిలో, ఇంజన్లలో ఖర్చైన కరెంటంతా చివరికి వేడే అవుతుంది. అది పోవడానికి దారి లేదు. అలాగే వదిలేస్తే లోపల 50 డిగ్రీలకు చేరుతుందని లెక్క తేలింది. మే నెల మిర్యాలగూడ కంటే ఘోరం. పట్టాలే వంకర పోవచ్చు. అందుకే గోడల వెంట గొట్టాలు వేసి రెండు తీరాల నుంచీ చల్లటి నీళ్లు పంపి 35 డిగ్రీల లోపు ఉంచుతారు. నెత్తిన అంత చల్లటి సముద్రం ఉండగా ఆ సొరంగానికి చల్లదనాన్ని బయటి నుంచి తెచ్చి పెట్టాలి!

నడిమి చిన్న సొరంగంలో గాలి ఒత్తిడిని పక్కవాటికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉంచుతారు. అందుకని తలుపు తెరిస్తే గాలి అక్కడి నుంచి బయటికి వీస్తుంది గానీ పొగ లోపలికి రాదు. 1996 నవంబర్ 18న లారీలు మోసే షటిల్‌కు నిప్పంటుకుంది. దట్టమైన పొగలో తలుపు తెరవగానే వీచిన ఆ మంచి గాలిలోంచే లోపలున్న 34 మందీ బతికి బయటపడ్డారు.

ఇక ప్రయాణం సంగతి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. ఫ్రాన్స్‌కు షెంగెన్ వీసా, ఇంగ్లాండ్‌కు వేరే వీసా కావాలి. రెండు దేశాల తనిఖీలూ రైలెక్కక ముందే అయిపోతాయి, దిగాక ఎవరూ ఆపరు. పెట్టెలో ఇంజను ఆపి, గేరులో ఉంచి, సైడ్ స్టాండ్ వేసి బండి పక్కనే ఉండాలి. కాగితాల జాబితా ఇంకా చాలా ఉంది, దాన్ని రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

సొరంగంలో చెవులు దిబ్బడేసినట్టనిపిస్తే గుటక వేస్తే సరిపోతుంది. ఆ దిబ్బడకు కారణమూ గాలే. రైలు ముక్కు సొరంగంలో దూరిన క్షణాన ఒక ఒత్తిడి అల పుట్టి శబ్దవేగంతో ముందుకు పరుగెత్తుతుంది. దారిలో ఏ ఆటంకమూ లేకపోతే అది రెండున్నర నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరేది. అప్పటికి రైలు ఆరు కిలోమీటర్లు కూడా పోయి ఉండదు. ఆ అలను దారి పొడవునా కొంచెం కొంచెంగా పక్కకు లాగి బలహీనపరిచేవి కూడా ఆ అడ్డగొట్టాలే.