పాత పాలసీని తుక్కులో వేయకండి

1978లో అమెరికాలోని నయాగరా ఫాల్స్ ఊళ్లో లవ్ కెనాల్ కాలనీవాసులు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 వరకు అక్కడి కాలువలో పాతిపెట్టిన సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు నేలలోంచి పైకి ఊరాయి. ఆ ఆందోళన ఫలితంగానే 1980 డిసెంబరులో ‘సూపర్‌ఫండ్’ చట్టం వచ్చింది. ఇది వెనకటి పనులకూ వర్తిస్తుంది. ఆ రోజుల్లో చట్టం ఒప్పుకున్న పద్ధతిలోనే పారబోశామన్నా, ఇప్పుడు శుభ్రం చేసే ఖర్చు పెట్టుకోవాల్సిందే. అంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? చాలాచోట్ల అది దశాబ్దాల కిందటి లయబిలిటీ పాలసీల నుంచి, అంటే ఇతరులకు కలిగించిన నష్టాన్ని భరించే బీమా నుంచి, వచ్చింది. అయినా ఈ దారి గురించి అపోహలే ఎక్కువ.

అపోహ: గడువు తీరిన పాలసీ చెల్లదు.

వాస్తవం: మోటారు బీమా, ఆరోగ్య బీమా అలవాటైన మనకు ఇలా అనిపించడం సహజం. కానీ అమెరికాలో అప్పటి జనరల్ లయబిలిటీ పాలసీలు, ముఖ్యంగా 1966 తర్వాతి ప్రామాణిక పత్రాలు, వేరే లెక్కన నడిచేవి. నష్టం ఎప్పుడు బయటపడింది, దావా ఎప్పుడు పడింది అన్నది కాదు, నష్టం ఎప్పుడు జరిగింది అన్నదే వాటికి ముఖ్యం. 1968లో నేలలోకి ఇంకిన ద్రావకం 2010లో బావినీళ్లలో తేలినా, 1968 నాటి పాలసీయే జవాబు చెప్పాలి. పైగా కాలుష్యం ఒక్క ఏడాదితో ఆగదు, భూగర్భంలో ఏటా కొంత పాకుతూనే ఉంటుంది. అలా నష్టం సాగినంత కాలం అమల్లో ఉన్న పాలసీలన్నీ బాధ్యత పరిధిలోకి వస్తాయని డీడీటీ తయారుచేసిన మాంట్రోజ్ కెమికల్ కేసులో 1995లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఒక పాలసీ కాదు, వరసగా ఇరవై ఏళ్ల పాలసీలు పనికిరావచ్చు.

అపోహ: కాలుష్యానికి వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది.

వాస్తవం: 1986 నుంచి వచ్చిన పాలసీల్లో దాదాపు పూర్తి మినహాయింపే ఉంది. అంతకుముందు అలా లేదు. 1970లో అనుబంధంగా వచ్చి, 1973లో ప్రామాణిక పత్రంలో చేరిన షరతు ‘హఠాత్తుగా, ప్రమాదవశాత్తు’ జరిగిన కాలుష్యానికి చోటు ఉంచింది. అంతకన్నా పాత పాలసీల్లో మామూలుగా ఆ షరతే ఉండదు. ‘హఠాత్తుగా’ అంటే ఏమిటన్న దానిపై కోర్టులు రెండుగా చీలాయి. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1993లో ఒక అడుగు ముందుకేసింది. ఈ షరతు ఉన్న రక్షణను తగ్గించదు, స్పష్టం చేస్తుందంతే అని అప్పట్లో నియంత్రణాధికారులకు చెప్పి ఆమోదం పొందిన బీమా పరిశ్రమ, ఇప్పుడు అదే షరతు చూపి చేతులు దులుపుకోవడం కుదరదంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంత న్యాయమైన మాట మరొకటి లేదు.

అపోహ: పాలసీ కాగితం పోతే అంతా పోయినట్టే.

వాస్తవం: పోయిన పాలసీలను వెతికిపెట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఉన్నారు. వారిని ‘ఇన్సూరెన్స్ ఆర్కియాలజిస్టులు’ అంటారు. గోదాములో అట్టపెట్టె దింపి, చెదలు తిన్న చిట్టా తెరిస్తే ‘లయబిలిటీ ప్రీమియం’ అన్న పద్దు, పక్కనే తేదీ, చెక్కు నంబరు కనిపిస్తాయి. అక్కడి నుంచి తీగ లాగుతారు. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు బీమా రుజువు అడిగి ఉంటుంది. ప్రభుత్వ కాంట్రాక్టు ఫైల్లో బీమా సర్టిఫికెట్ జతపడి ఉంటుంది. అద్దె ఒప్పందాలు, బోర్డు సమావేశాల మినిట్స్, ఎవరో జారిపడి వేసిన పాత దావా, ఏజెంటు వారసుల ఇంట్లో మిగిలిన ఫైళ్లు, అన్నీ ఆధారాలే. పాలసీ నంబరు ముందుండే అక్షరాలను బట్టి అది ఏ రకం పాలసీయో కూడా చెప్పగలరు. అప్పట్లో చాలా కంపెనీలు ఒకే ప్రామాణిక పత్రం వాడేవి. అందువల్ల ఏడాది, రకం, మొత్తం తేలితే మిగతా షరతులను ఆ ఏటి నమూనా పత్రంతో చూపించవచ్చు.

అపోహ: ఆ బీమా కంపెనీ ఇప్పుడు లేదు కదా!

వాస్తవం: పేరు మారడం వేరు, బాధ్యత పోవడం వేరు. విలీనమైతే బాధ్యత సాధారణంగా వారసుడికే వెళుతుంది. లండన్ లాయిడ్స్ పాత బాధ్యతల కోసం 1996లో ఈక్విటాస్ అనే విడి సంస్థే ఏర్పడింది. దివాలా తీసిన కంపెనీల విషయంలో మాత్రం దొరికేది తక్కువ.

అపోహ: ఇదంతా పెద్ద ఫ్యాక్టరీల గొడవ.

వాస్తవం: వీధి చివరి డ్రై క్లీనింగ్ దుకాణం కూడా ఇందులో ఉంది. అక్కడ వాడే పెర్క్లోరోఇథిలీన్ నీటికన్నా బరువు. కాంక్రీటు పగుళ్లలోంచి దిగి భూగర్భజలం అడుగుకు చేరుతుంది. అమెరికాలో చిన్న షాపింగ్ సముదాయాలు కొనే మన తెలుగువాళ్లు ఇది గమనించాలి. సూపర్‌ఫండ్ కింద, తాను చుక్క పారబోయకపోయినా, ఇప్పటి యజమాని బాధ్యుడు కావచ్చు. కొనేముందు తగిన పర్యావరణ పరిశోధన చేయించిన వారికి 2002 సవరణ కొంత రక్షణ ఇచ్చింది. అది లేనివారికి, పాత దుకాణదారు మీద దావా వేసి అతని పాలసీలను కదిలించడం ఒక దారి.

అపోహ: పాలసీ దొరికితే చెక్కు వచ్చినట్టే.

వాస్తవం: తెలిసి చేసిన కాలుష్యానికి రాదు. సొంత స్థలానికి జరిగిన నష్టాన్ని పాలసీలు మినహాయిస్తాయి, అయితే భూగర్భజలం సొంత ఆస్తి కాదని చాలా కోర్టులు ఒప్పుకున్నాయి. బీమా కంపెనీకి చెప్పకుండా ముందే ఖర్చు పెడితే ఆ సొమ్ము తిరిగి రాకపోవచ్చు. అందుకే ప్రభుత్వ నోటీసు అందగానే మొదటి ఉత్తరం బీమా కంపెనీకే రాయాలి.

అపోహ: మన దేశంలోనూ ఇలాగే రాబట్టవచ్చు.

వాస్తవం: భోపాల్ తర్వాత వచ్చిన 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం, ప్రమాదకర పదార్థాలు వాడే సంస్థలు బీమా తీసుకోవాలంది. దాని గురి బాధితులకు తక్షణ ఊరట ఇవ్వడం మీదే. మొదట్లో మరణానికి కేవలం 25 వేల రూపాయలు. అందులో ‘ప్రమాదం’ అంటే హఠాత్తుగానో అనుకోకుండానో జరిగినది. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ వాయువు లీకైనట్టు ఒక్క ఉదయం ముంచుకొచ్చే ఆపదలకు ఆ నిర్వచనం సరిపోతుంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు వెంట ఏళ్ల తరబడి ఇంకి బోరుబావులను పాడుచేసినదానికి దాన్ని వర్తింపజేయడం కష్టం. అలాంటి చోట్ల మనకున్న ఆధారం 1996లో రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టిన సూత్రం: కాలుష్యం చేసినవారే చెల్లించాలి. చెల్లించాల్సిన కంపెనీ మూతపడితే ఆ బిల్లు ప్రజల మీదే పడుతోంది.